ప్రతిక్షేపిత ఆల్కీన్ల సంకలన పాలిమరీకరణం

కార్బన్ల నడుమ ద్విబంధం ఉన్న చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదాని కొసకు మరొకటి అతుక్కుంటూ, నడుమ నీరో ఆమ్లమో ఏదీ బయటికి పోకుండా, ఒకే పొడవాటి అణువుగా మారడాన్ని సంకలన పాలిమరీకరణం అంటారు. చిన్న అణువు మోనోమర్, పొడవాటిది పాలిమర్. ఆల్కీన్లలో అన్నిటికన్నా చిన్నది ఇథిలీన్. దాని నాలుగు హైడ్రోజన్లలో ఒకటో రెండో తీసి ఆ చోట క్లోరిన్, మిథైల్, బెంజీన్ వలయం, సయనో, ఎస్టర్ వంటి సమూహాన్ని పెడితే అది ప్రతిక్షేపిత ఆల్కీన్. అలా వచ్చి చేరిన పక్క సమూహమే ఆ తర్వాత పెత్తనమంతా చేస్తుంది. చర్య ఏ దారిలో నడవాలో, ఎంత వేడి పుట్టాలో, తయారైన పదార్థం పైపుగా నిలబడుతుందో గోనెగా నేతకు లొంగుతుందో చాలావరకు అదే తేలుస్తుంది.

విజయవాడ నుంచి కొత్తగూడెం వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ఉంది. నూజివీడు, విస్సన్నపేటలతో కలిసి ఇది మామిడి సీమ. ఇక్కడి తోటల్లో బోరు కేసింగు, భూమిలో పూడ్చిన మెయిన్ పైపు పీవీసీవి. చెట్ల వరుస వెంట పరిచే నల్లటి డ్రిప్ లేటరల్ పాలిథిలీన్. గట్టు మీద పడి ఉండే యూరియా బస్తా పాలిప్రొపిలీన్. మూడింటికీ వెన్నెముక ఒకటే, కార్బన్ల గొలుసు. ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ మీద పీవీసీలో క్లోరిన్, పాలిప్రొపిలీన్‌లో మిథైల్ ఉంటాయి. పాలిథిలీన్‌లో హైడ్రోజన్ తప్ప మరేమీ ఉండదు. క్లోరిన్ల వల్ల పక్కపక్క గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుని పైపు బిగుసుకుంటుంది. ఆ లాగుడు లేని లేటరల్ మెత్తగా చుట్ట చుట్టుకుంటుంది. మిథైళ్లు క్రమంగా అమరడం వల్ల పాలిప్రొపిలీన్‌ను పట్టీలుగా సాగదీసి నేయగలుగుతున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం ఈ గొలుసుల్లో రెండింటిని సబ్సిడీ మీద పొలాల్లోకి తెచ్చింది.

ద్విబంధం తెరుచుకునే తీరు

ద్విబంధంలో ఒకటి గట్టి సిగ్మా బంధం, రెండోది వదులైన పై (π) బంధం. పై బంధం తెగడానికి మోల్‌కు సుమారు 270 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. దాని స్థానంలో కొత్త సిగ్మా బంధం పడితే దాదాపు 350 కిలోజౌళ్లు చేతికొస్తాయి. ఆ మిగులే వేడి. ప్రతి మోనోమర్ చేరికకూ ఈ వేడి వెలువడుతుంది కాబట్టి ఇది ఉష్ణమోచక చర్య. ప్రయోగశాలలో చిన్న విషయంగా కనిపించే ఈ మిగులు వేల టన్నుల ట్యాంకులో ఏం చేయగలదో విశాఖపట్నం చూసింది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

లాభమున్నంత మాత్రాన చర్య తనంత తాను మొదలు కాదు. అందుకు ప్రారంభకం కావాలి. ఎక్కువగా వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ల నడుమ బంధం బలహీనం. 60–80 డిగ్రీల సెల్సియస్ వేడికే అది రెండుగా చీలుతుంది. చీలిన ప్రతి ముక్కలో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. దీన్నే స్వేచ్ఛా ప్రాతిపదిక అంటారు. అది పీవీసీకి మోనోమరైన వినైల్ క్లోరైడ్ అణువును ఒకదాన్ని తాకి పై బంధంలోని ఒక ఎలక్ట్రాన్‌తో జత కడుతుంది. మిగిలిన ఎలక్ట్రాన్ అవతలి కార్బన్ మీద ఒంటరిగా నిలిచి మరో మోనోమర్‌ను పట్టుకుంటుంది. ఇలా జత లేని కొస ముందుకు జరుగుతూ పోతుంది, వెనకాల గొలుసు పెరుగుతుంది. మొత్తం మోనోమర్ అయిపోవడానికి గంటలు పట్టినా ఒక్కొక్క గొలుసు పుట్టి, పెరిగి, ఆగిపోవడానికి కొద్ది సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ సమయం చాలు. రియాక్టర్‌లో ఏ క్షణం చూసినా కనిపించేది పూర్తయిన గొలుసులూ, ఇంకా ముట్టని మోనోమరూ. పెరుగుతున్న గొలుసులు మాత్రం చాలా అరుదు.

పెరిగే కొస మోనోమర్‌ను ఏ వైపు నుంచి పట్టుకుంటుంది? పక్క సమూహం లేని కార్బన్ వైపు నుంచే, దాదాపు ఎప్పుడూ. అలా పట్టుకుంటేనే కొత్తగా ఒంటరైన ఎలక్ట్రాన్ పక్క సమూహమున్న కార్బన్ మీదికి వచ్చి, ఆ సమూహం ఆసరాతో కొంత స్థిరపడుతుంది. పైగా అటువైపు ఇరుకు తక్కువ. సమూహమున్న కార్బన్‌ను తల, లేనిదాన్ని తోక అనుకుంటే గొలుసంతా తల-తోక, తల-తోక వరసలో సాగుతుంది.

గొలుసు ఆగే దారులు కొన్ని. రెండు పెరిగే కొసలు ఎదురైతే జతకట్టి ఒకటవుతాయి. లేదా ఒకటి రెండోదాని నుంచి హైడ్రోజన్ లాక్కుని రెండూ వేర్వేరుగా ఆగిపోతాయి. స్టైరీన్ ఎక్కువగా మొదటి దారి పడుతుంది, మిథైల్ మెథాక్రిలేట్ రెండో దారి. ముగింపుకు రెండు కొసలు కావాలి కాబట్టి చర్య వేగం ప్రారంభకం గాఢత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ప్రారంభకాన్ని నాలుగింతలు చేస్తే వేగం రెండింతలే అవుతుంది, గొలుసు పొడవేమో సగానికి పడిపోతుంది. తొందరపడితే నాణ్యత పోతుందన్న మాట ఇక్కడ లెక్కతో సహా రుజువవుతుంది.

పీవీసీ దగ్గర మూడో దారిదే రాజ్యం. పెరిగే కొస పక్కనున్న వినైల్ క్లోరైడ్ అణువుకే తన చురుకుదనాన్ని అప్పగించి తాను ఆగిపోతుంది. దీన్ని శృంఖల బదిలీ అంటారు. ఈ బదిలీ జోరు ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కనుక పీవీసీ గొలుసు సగటు పొడవును ప్రారంభకం మోతాదు కన్నా రియాక్టర్ ఉష్ణోగ్రతే ఎక్కువగా నిర్ణయిస్తుంది. పైపుల వాళ్లు కె67 రెసిన్ అని అడిగేది ఈ పొడవునే. 60 డిగ్రీలకు కాస్త దిగువన నడిపితే అది వస్తుంది. వినైల్ క్లోరైడ్ సున్నాకు 13 డిగ్రీలు దిగువనే మరిగే వాయువు. అందుకని పీడనం కింద ద్రవంగా ఉంచి, నీటిలో చిన్న బొట్లుగా చెదరగొట్టి చర్య జరుపుతారు. పుట్టిన వేడిని చుట్టూ ఉన్న నీరు తీసుకుంటుంది. వినైల్ క్లోరైడ్ కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం, పీవీసీ అలాంటిది కాదు. ద్విబంధం పోయాక అణువు స్వభావమే మారిపోతుంది. కాబట్టి రెసిన్‌లో చిక్కుకున్న మోనోమర్‌ను చివరి దాకా ఆవిరితో తోలేయడం కర్మాగారంలో ముఖ్యమైన పని.

నంద్యాలలో ఎస్‌.పి.వై. రెడ్డి స్థాపించిన నంది పైపులూ, సూర్యాపేట సుధాకర్ పైపులూ తెలుగు రైతుకు ఇంటిపేర్లంత పరిచయం. అయితే ఇలాంటి పైపుల కర్మాగారాల్లో పాలిమరీకరణం జరగదు. వేరేచోట గొలుసుకట్టి వచ్చిన తెల్లటి రెసిన్ పొడికి సుద్ద, స్టెబిలైజర్, మైనం వంటివి కలిపి, కరిగించి, అచ్చులోంచి తీస్తారు. గన్నవరం దగ్గర సూరంపల్లిలోని ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సీపెట్ కేంద్రంలో విద్యార్థులు నేర్చుకునేదీ ఎక్కువగా ఇలా మలచే విద్యే.

పక్క సమూహాన్ని బట్టి దారి

చురుకైన కొస ప్రతిసారీ స్వేచ్ఛా ప్రాతిపదికే కానక్కర్లేదు. అది రుణావేశం కావచ్చు, ధనావేశం కావచ్చు. ఏది నిలుస్తుందో తేల్చేది పక్క సమూహమే. ఎలక్ట్రాన్లను తనవైపు లాగే సయనో, ఎస్టర్ సమూహాలుంటే రుణావేశం చెదిరి కుదురుకుంటుంది, ఆనయానిక్ పద్ధతి పనిచేస్తుంది. ఎలక్ట్రాన్లను అందించే మిథైల్, ఆల్కాక్సీ సమూహాలుంటే ధనావేశం నిలబడి కాటయానిక్ పద్ధతి సాగుతుంది. బెంజీన్ వలయం రెండు వైపులా సర్దుకోగలదు. అందుకే స్టైరీన్ మూడు దారుల్లోనూ నడుస్తుంది.

ఆనయానిక్ పద్ధతికి ఉదాహరణ ఏ కిరాణా కొట్టులోనైనా చిన్న ట్యూబులో దొరుకుతుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు నిజానికి సయనోఅక్రిలేట్ మోనోమర్. దాని ఒకే కార్బన్ మీద సయనో, ఎస్టర్ రెండూ ఉంటాయి. రెండూ కలిసి ఎలక్ట్రాన్లను ఎంతగా లాగుతాయంటే, గాలి తడిలోని నీరు లాంటి బలహీనమైన ప్రారంభకం తగిలినా గొలుసు మొదలైపోతుంది. వేళ్లు అంటుకునేది చర్మం మీది తడి వల్ల. ట్యూబులో చర్య జరగకుండా కొద్దిగా ఆమ్లం కలిపి ఉంచుతారు. దాని పక్కనే ఉండే ఫెవికాల్ కథ వేరు. అందులోని పాలివినైల్ ఎసిటేట్ ముందే కట్టిన గొలుసు, నీరు ఆరిపోతే బిగుస్తుందంతే. పీవీసీ పైపులు అతికే ‘సొల్యూషన్’లోనూ పాలిమరీకరణం లేదు. అందులోని ద్రావకం పైపు, కప్లింగ్ ఉపరితలాల్ని మెత్తబరుస్తుంది, రెండు వైపుల గొలుసులు కలగలిసిపోతాయి, ద్రావకం ఎగిరిపోతుంది. ఒకే అరలో ఉండే మూడు జిగుళ్లలో సంకలన చర్య మన కళ్ల ముందు జరిగేది ఒక్కదానిలోనే.

కాటయానిక్ పద్ధతికి ఐసోబ్యుటిలీన్ ప్రసిద్ధం. ఒకే కార్బన్ మీద రెండు మిథైళ్లున్న ఈ అణువును అల్యూమినియం క్లోరైడ్‌తో దాదాపు సున్నాకు 100 డిగ్రీలు దిగువన గొలుసు కట్టిస్తారు. అంత చలి ఎందుకంటే, వేడి పెరిగితే ధనావేశపు కొస అదుపు తప్పి పదేపదే ప్రోటాన్ విడిచేస్తుంది, గొలుసులు పొట్టివైపోతాయి. కొంచెం ఐసోప్రీన్ కలిపితే బ్యుటైల్ రబ్బరు వస్తుంది. గాలి ఊరకనే జారిపోని టైరు ట్యూబులు దీనితో చేసినవే.

సమూహం ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. రెండు సమూహాలు ఒకే కార్బన్ మీద ఉంటే ఫరవాలేదు, రెండో కార్బన్ ఖాళీగా ఉంటుంది. రెండు కార్బన్ల మీదా ఒక్కొక్కటి ఉంటే పెరిగే కొసకు చోటు చాలదు, చాలా అణువులు సొంతంగా గొలుసు కట్టవు. మలేయిక్ అన్‌హైడ్రైడ్ ఒంటరిగా మొండికేస్తుంది కానీ స్టైరీన్ తోడుంటే ఒకటి విడిచి ఒకటిగా చక్కగా అల్లుకుంటుంది. ఒకటి ఎలక్ట్రాన్లు లాగేది, మరొకటి ఇచ్చేది కావడమే కారణం. ఈ ఇరుకు సూత్రానికి పెద్ద మినహాయింపు ఫ్లోరిన్. అది హైడ్రోజన్ కన్నా మరీ పెద్దది కాదు కాబట్టి నాలుగు ఫ్లోరిన్లున్న టెట్రాఫ్లోరోఇథిలీన్ కూడా గొలుసు కడుతుంది. 1938 ఏప్రిల్ 6న రసాయనవేత్త రాయ్ ప్లంకెట్ ఈ వాయువు నింపిన సిలిండరు నుంచి ఏమీ రాకపోతే దాన్ని కోసి చూశాడు. లోపల దొరికిన తెల్లటి మైనంలాంటి పొడి ఆ గొలుసే. ఇవాళ మన దోసె పెనాల మీద పూతగా ఉంది.

చిత్రమేమిటంటే వినైల్ ఆల్కహాల్‌కు ఈ భాగ్యం లేదు. అది నిలవదు, పుట్టీపుట్టగానే ఎసిటాల్డిహైడ్‌గా మారిపోతుంది. కనుక పాలివినైల్ ఆల్కహాల్ కావాలంటే ముందు వినైల్ ఎసిటేట్‌తో గొలుసు కట్టించి, తర్వాత ఎసిటేట్‌ను ఊడదీయాలి.

ప్రొపిలీన్ మొండితనం, నాట్టా క్రమం

ప్రొపిలీన్ స్వేచ్ఛా ప్రాతిపదికలకు లొంగదు. దాని మిథైల్ మీది హైడ్రోజన్‌ను చురుకైన కొస సులువుగా లాక్కుంటుంది. అప్పుడు మిగిలే ప్రాతిపదిక రెజొనెన్స్ వల్ల ఎంత స్థిరంగా ఉంటుందంటే, కొత్త గొలుసు మొదలుపెట్టే చురుకు దానికి ఉండదు. చేతికొచ్చేది జిడ్డులాంటి పొట్టి అణువులే. 1953లో కార్ల్ జీగ్లర్ టైటానియం క్లోరైడ్, అల్యూమినియం ఆల్కైల్ కలిసిన ఉత్ప్రేరకంతో ఇథిలీన్‌కు తక్కువ పీడనంలోనే పొడవాటి గొలుసు కట్టించాడు. మరుసటి ఏడు జూలియో నాట్టా ఈ తరహా ఉత్ప్రేరకంతో ప్రొపిలీన్‌ను లొంగదీశాడు. ఇక్కడ ప్రతి మోనోమర్ లోహపు పరమాణువుకూ గొలుసుకూ మధ్య దూరుతుంది. దూరే చోటు ఆకారం ఒకటే కాబట్టి మిథైళ్లన్నీ గొలుసుకు ఒకే పక్కన పడతాయి. దీన్ని ఐసోటాక్టిక్ అంటారు. ఒకటి ఇటు ఒకటి అటుగా పడితే సిండియోటాక్టిక్, క్రమమే లేకపోతే అటాక్టిక్. ఐసోటాక్టిక్ పాలిప్రొపిలీన్ స్ఫటికంలా సర్దుకుని సుమారు 165 డిగ్రీల దాకా కరగదు. అటాక్టిక్ రూపం చేతికంటే బంక. రెండింటి రసాయన ఫార్ములా ఒకటే. జీగ్లర్, నాట్టాలకు 1963 నోబెల్ దక్కింది. మన బస్తాలు నాట్టా చలవ.

తెలుగు రసాయనవేత్తల పాలు

కర్నూలు జిల్లాలో 1923లో పుట్టిన ముషి సంతప్ప వినైల్ పాలిమరీకరణ గతిశాస్త్రంలో దేశానికి దారి వేసినవారిలో ఒకరు. మాంచెస్టర్‌లో ఎం.జి. ఇవాన్స్, ఎన్. యూరిలతో కలిసి ఆయన 1951లో వెలువరించిన పరిశోధన నీటి ద్రావణంలో కాంతితో గొలుసు మొదలుపెట్టే పద్ధతి మీద. ఫెర్రిక్ అయాన్ సంక్లిష్టం కాంతిని పీల్చుకుని హైడ్రాక్సిల్ ప్రాతిపదికను విడుస్తుంది, అది వినైల్ మోనోమర్‌ను పట్టుకుంటుంది. కాంతిని ఆర్పితే ప్రారంభం ఆగుతుంది. పెరాక్సైడ్‌తో ఇంత అదుపు దొరకదు, అందుకే వేగాలు కొలిచేవాళ్లకు ఈ పద్ధతి విలువైనది. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆయన బృందం సీరిక్ వంటి లోహ అయాన్లతో ప్రారంభాన్ని లోతుగా పరిశీలించింది. 1967లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి అందుకున్న సంతప్ప కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు.

అదే తోళ్ల సంస్థలో తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ తన సహచరులతో కలిసి ఈ చర్యను తోలు మీదికి తెచ్చారు. సీరిక్ అయాన్ తోలులోని కొల్లాజెన్ గొలుసు మీదనే ప్రాతిపదికను పుట్టిస్తుంది. అక్కడి నుంచి వినైల్ మోనోమర్ కొమ్మలా పెరుగుతుంది. దీన్ని గ్రాఫ్టింగ్, అంటే అంటుకట్టడం అంటారు. మామిడి సీమ పాఠకులకు ఆ మాట వేరే వివరించనక్కర్లేదు.

విశాఖ, 2020 మే 7

స్టైరీన్ పిలవకపోయినా గొలుసు కట్టే రకం. బెర్లిన్ మందుల తయారీదారు ఎడ్వర్డ్ సైమన్ 1839లో ఒక చెట్టు బంక నుంచి ఈ నూనెను స్వేదనం చేసి తీశాడు. కొంతకాలానికి అది జెల్లీలా గడ్డకట్టింది. గాలి తగిలి ఆక్సైడ్ అయిందనుకున్నాడు. గడ్డకట్టడమంటే పొడవాటి అణువులు కట్టడమేనని హెర్మన్ స్టౌడింగర్ 1920లో వాదించేదాకా అసలు సంగతి తేలలేదు. ఆయనకు నోబెల్ 1953లో వచ్చింది.

ప్రారంభకం లేకుండానే స్టైరీన్ ఎలా మొదలవుతుంది? రెండు స్టైరీన్ అణువులు తమ బెంజీన్ వలయం సాయంతో ముందు వలయాకార జంటగా కలుస్తాయి. ఆ జంట మూడో అణువుకు హైడ్రోజన్ ఇచ్చేసి రెండు ప్రాతిపదికల్ని పుట్టిస్తుంది. శుద్ధమైన స్టైరీన్ సగం పాలిమర్ కావడానికి 29 డిగ్రీల దగ్గర 400 రోజులు పడుతుంది. 127 డిగ్రీల దగ్గర సుమారు నాలుగు గంటలు, 167 దగ్గర 16 నిమిషాలు చాలు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ప్రమాదమంతా అర్థమవుతుంది. మిథైల్ మెథాక్రిలేట్‌లో ఈ తనంతట తాను మొదలయ్యే వేగం దాదాపు వంద రెట్లు తక్కువ. అంటే ఇక్కడా పక్క సమూహానిదే పాత్ర.

విశాఖలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన కర్మాగారం 1978లో యూబీ గ్రూపు మెక్‌డోవెల్‌లో కలిసి, 1997లో దక్షిణ కొరియా ఎల్జీ కెమ్ చేతికి వచ్చి ఎల్జీ పాలిమర్స్ అయింది. తయారీ పాలిస్టైరీన్. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి పని ఆగింది, ఎం6 అనే పెద్ద ట్యాంకులో స్టైరీన్ నిలవ ఉండిపోయింది. నిలవ స్టైరీన్‌కు టెర్షియరీ బ్యుటైల్ కెటికాల్ అనే నిరోధకాన్ని పది లక్షల పాళ్లకు పది, పదిహేను పాళ్లు కలుపుతారు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ పుట్టిన ప్రాతిపదికల్ని పెరాక్సీ రూపానికి మారుస్తుంది, నిరోధకం వాటిని చంపేస్తుంది. రెండూ ఉంటేనే పని జరుగుతుంది, రెండూ రోజురోజుకూ తరుగుతాయి, వేడి పెరిగితే ఇంకా వేగంగా.

ప్రమాదం మీద రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ఇక్కడే వేలు పెట్టి చూపింది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది, అడుగు చల్లగానే కనిపిస్తుంది. 2019 డిసెంబరులో లోపలి గొట్టాల అమరికలో చేసిన మార్పుతో ద్రవం కలవడం తగ్గింది. శీతలీకరణను రాత్రిపూట ఆపేసేవారు. నిరోధకం చాలలేదు. పై పొరలో గొలుసులు మొదలయ్యాయి, మోల్‌కు 70 కిలోజౌళ్ల చొప్పున వేడి పుట్టింది, ఆ వేడి ఇంకా గొలుసుల్ని పుట్టించింది. పుట్టిన వేడి ఎటూ పోకపోతే స్టైరీన్ తన ఉష్ణోగ్రతను మూడొందల డిగ్రీలకు పైగా పెంచుకోగలదు. అది మరిగేది 145 దగ్గర. పైగా పాలిమర్ పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది, కొసలు ఒకదాన్నొకటి చేరలేక ముగింపు తగ్గుతుంది, వేగం ఇంకా హెచ్చుతుంది.

మే 7 తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఆవిరి బయటపడింది. గాలి కన్నా మూడున్నర రెట్లకు మించి బరువైన ఆవిరి అది, పైకి పోకుండా నేలనంటి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్ల మీద పరుచుకుంది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పశువులు కూలిపోయాయి. హెచ్చరిక సైరన్ మోగలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీ చేత 50 కోట్ల రూపాయలు జమ చేయించి, జస్టిస్ బి. శేషశయన రెడ్డి నాయకత్వంలో మరో కమిటీని వేసింది. మిగిలిన స్టైరీన్ నిల్వల్ని ఓడల్లో కొరియాకు తిప్పి పంపారు. వార్తల్లో ఇది ‘గ్యాస్ లీక్’గానే నిలిచిపోయింది. ట్యాంకుకు చిల్లు పడి గ్యాసు కారలేదు, ట్యాంకే పిలవని రియాక్టర్ అయిందన్నది రసాయనశాస్త్రం చెప్పే మాట.

గొలుసు విడిపోతే

పేర్చే వేడి బయటికొచ్చినట్టే, తగినంత వేడి లోపలికిస్తే గొలుసు విడిపోతుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర కట్టడం, విడిపోవడం సమమవుతాయి. దాన్ని సీలింగ్ ఉష్ణోగ్రత అంటారు. స్టైరీన్‌కు అది 300 డిగ్రీల ప్రాంతం. అదే కార్బన్ మీద ఒక్క మిథైల్ అదనంగా పెడితే చాలు, ఇరుకు పెరిగి ఆల్ఫా మిథైల్ స్టైరీన్‌కు 61 డిగ్రీలకు దిగజారుతుంది. అక్రిలిక్ షీటు, అంటే పాలిమిథైల్ మెథాక్రిలేట్, 300 డిగ్రీలు దాటాక కొసల నుంచి ఒక్కో మోనోమర్‌నూ వదిలేస్తూ దాదాపు పూర్తిగా మొదటికొస్తుంది. తుక్కు అక్రిలిక్‌ను అలా కాచి మోనోమర్ తిరిగి రాబట్టే పరిశ్రమలు ఉన్నాయి. థర్మాకోల్‌గా మనకు తెలిసిన పాలిస్టైరీన్ నుంచి కొంతవరకే వస్తుంది. అలంకరణ థర్మాకోల్ 2022 జులై 1 నుంచి దేశంలో నిషిద్ధం.

పీవీసీ మాత్రం వెనక్కి నడవదు. వెన్నెముక తెగకముందే పక్కనున్న క్లోరిన్, పొరుగు కార్బన్ మీది హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా వెళ్లిపోతుంది. ఒక చోట పోతే పక్కచోట పోవడం ఇంకా సులువు, అందుకే పైపు పసుపుబారి, గోధుమ రంగుకు తిరిగి, పెళుసవుతుంది. పైపు తీసే యంత్రం వేడికి కూడా ఈ చర్య మొదలవుతుంది కాబట్టి స్టెబిలైజర్ లేకుండా పీవీసీని కరిగించరు. చాలాకాలం ఆ పని సీసపు లవణాలు చేశాయి. తాగునీటి పైపుల్లో సీసం తగదని 2021లో కేంద్రం నిబంధనలు తేవడంతో తయారీదారులు కాల్షియం-జింకు, తగరపు సమ్మేళనాల వైపు మళ్లారు.